వాల్తేరు విశ్వవిద్యాలయ కళాశాల – మన విద్యార్థుల ముందుదారి

డిగ్రీ చివరి పరీక్షలు ముగియవచ్చిన వేళ విద్యార్థులు మా వద్దకు వచ్చి, "ఇక ఏమి చదవాలి సార్? ఏ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలి?" అని అడుగుతుంటారు. ప్రశ్న మంచిదే, అడిగే సమయమే ఆలస్యమైనది. అప్పటికి కొన్ని దరఖాస్తుల గడువు దాటి ఉంటుంది. కొన్నింటికి కావలసిన ధ్రువపత్రం తహసీల్దారు కార్యాలయంలో ఇంకా కదలకుండా ఉంటుంది. చదువు చెప్పడం ఒక పని, ఆ చదువు ఎటు తీసుకుపోగలదో చెప్పడం మరొక పని. ఈ రెండవ పని విశ్వవిద్యాలయాలలో ఎట్లు ఏర్పడినదో, మన ప్రాంతపు విద్యార్థికి దానితో ఏమి సంబంధమో ఇక్కడ వివరింపదలచాము.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో వెలసి, 1930లో వాల్తేరు చేరినది. ప్రథమ వైస్ ఛాన్సలర్ డాక్టర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. 1945లో ఏలూరులో స్థాపించిన సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల వారి పేరు మీదనే ఉన్నది. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ పదవికి వచ్చారు. విశ్వవిద్యాలయ కళాశాల పుట్టినది ఆ సంవత్సరమే. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ గారి విరాళం దానిని నిలబెట్టింది. రాధాకృష్ణన్ గారు ప్రాంతభేదం పాటించక యువ పండితులను ఏరి తెచ్చారు. వారిలో తత్త్వశాస్త్రం బోధించిన హుమాయూన్ కబీర్ ఒకరు. మౌలానా ఆజాద్ ఉర్దూలో చెప్పిన స్వీయచరిత్రను పిదప ఇంగ్లీషులో వ్రాసినది వీరే. రసాయన శాస్త్రంలో టి.ఆర్. శేషాద్రి, భౌతిక శాస్త్రంలో సూరి భగవంతం వంటి వారి పాఠాలు విన్న తరం ఎంత అదృష్టవంతమైనదో చెప్పనక్కరలేదు.

అయినను అంతటి కళాశాలలో సైతం, చదువు ముగించిన విద్యార్థికి ముందుదారి చూపే ఏర్పాటు ఆనాడు లేదు. ఇందుకు జగత్ప్రసిద్ధ గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి అనుభవమే నిదర్శనం. వారు వాల్తేరులో గణితశాస్త్రం ఉన్నత శ్రేణిలో పూర్తి చేశారు. పరిశోధన వేతనానికి దరఖాస్తు ఆలస్యంగా చేరినందున అది దక్కలేదు. యుద్ధకాలం, సైనిక సర్వే విభాగంలో గణితజ్ఞుని ఉద్యోగానికై కలకత్తా వెళ్లారు. అదీ రాలేదు. కాని బస చేసిన చోట, భారతీయ గణాంక సంస్థలో శిక్షణ పొందుతున్న ఒక వ్యక్తి పరిచయమై వారిని అక్కడికి తీసుకువెళ్లాడు. 1941 జనవరి 1న ఆ సంస్థలో చేరిన రావు గారు 2023లో అంతర్జాతీయ గణాంక పురస్కారం అందుకున్నారు. ఆ బసలో ఆ వ్యక్తి తారసపడకుంటే ఏమయ్యేదో! అంతటి మేధావికే సమాచారం దైవికంగా అందవలసి వచ్చినప్పుడు, సామాన్య విద్యార్థి సంగతి వేరే చెప్పాలా?

ఈ లోటును పూరించడానికే పిదప విశ్వవిద్యాలయాలలో ఉద్యోగ సమాచార, మార్గదర్శక కేంద్రాలు ఏర్పడినవి. దేశంలో ఉపాధి సేవ 1945లో, యుద్ధం నుండి మరలివచ్చిన సైనికుల కొరకు ఆరంభమైనది. తరువాత అందరికీ విస్తరించింది. విశ్వవిద్యాలయ కేంద్రం ఆ శాఖకు, విశ్వవిద్యాలయానికి ఉమ్మడి సంస్థ. పేరు నమోదు దాని పనిలో కొంత మాత్రమే. ఉపకార వేతనాలు, పోటీ పరీక్షలు, విదేశీ విద్య గురించి సమాచారం సేకరించి ఉంచడం, విద్యార్థితో విడిగా కూర్చుని మాట్లాడడం దాని అసలు విధి. పేరు నమోదైతే చాలు, ఉద్యోగం ఇంటికి వస్తుందని తలచేవారు నేటికీ కనబడుతున్నారు!

ఇక మన జిల్లా సంగతి. 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఏర్పడిన పిదప వాల్తేరు మనకు దూరమైనదని కొందరి భావన. అది సరికాదు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మన ప్రాంతం ఆంధ్ర విశ్వవిద్యాలయ స్థానిక పరిధిలోనిదే. కావున అక్కడ మన విద్యార్థి స్థానికుడే. కొల్లేటి లంకల నుండి వచ్చే విద్యార్థుల విషయం మరింత ఆలోచింపదగినది. 2006లో అభయారణ్యంలోని చేపల చెరువులు కొట్టివేసిన పిమ్మట అనేక కుటుంబాలకు పాత జీవనాధారం సన్నగిల్లింది. చేపల పెంపకం చిన్ననాటి నుండి ఎరిగిన ఆ పిల్లలలో జంతుశాస్త్రం చదివినవారికి, వాల్తేరులో సముద్ర జీవ వనరుల శాఖ ఉన్నదని చెప్పినవారెందరు? తాడేపల్లిగూడెంలో 2015 నుండి నిట్ ఉన్నది, చేరువనే వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నది. అట్టి సంస్థలలో బోధనేతర ఉద్యోగాలు కూడా ఉంటాయన్నది మన పిల్లలకు తట్టదు.

ధ్రువపత్రాల చిక్కు వేరే ఉన్నది. దూదేకుల వారు రాష్ట్రంలో బి.సి.–బి, మరికొన్ని ముస్లిం వర్గాలు 2007 చట్టం వలన నాలుగు శాతం రిజర్వేషను గల బి.సి.–ఇ. అయితే కేంద్ర జాబితా వేరు. రాష్ట్ర పత్రం చూపి కేంద్ర ఉద్యోగానికి దరఖాస్తు పెట్టరాదు. కేంద్ర జాబితాలో లేనివారు, ఆదాయ, ఆస్తి నిబంధనలకు లోబడి, 2019లో వచ్చిన ఆర్థిక బలహీన వర్గాల కోటా కోరవచ్చును. మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ 2022–23 నుండి నిలిచిపోయినది. కావున పరిశోధన ఆశించేవారు నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. కొరకే కృషి చేయాలి. ఉర్దూ విద్యార్థులకు హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం, కర్నూలులోని డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నవి.

కళాశాల కమిటీ వారికి మా మనవి స్వల్పమైనది. గ్రంథాలయంలో ఒక బల్ల, ఉర్దూ తెలుగు భాషలలో గడువు తేదీలు వ్రాసే ఒక నోటీసు బోర్డు, వారానికి రెండు గంటలు కూర్చునేందుకు ఒక అధ్యాపకుడు – ఇంతే. ఆ కూర్చునే బాధ్యత మేము తీసుకోగలము. బోర్డు మాత్రం రెండవ సంవత్సరం తరగతులు జరిగే వరండాలో పెట్టించవలసినదని, ఆ సంవత్సరమే విద్యార్థుల కుల, ఆదాయ ధ్రువపత్రాలకు దరఖాస్తులు వ్రాయించవలసినదని కోరుతున్నాము.