జేఈఈ మెయిన్ గట్టెక్కితే అడ్వాన్స్‌డ్ వచ్చినట్టేనా?

విజయవాడలో బెంజ్ సర్కిల్ నుంచి పోరంకి దాకా, ఇటు గొల్లపూడి నుంచి అటు గూడవల్లి దాకా ఏ హోర్డింగు చూసినా మెయిన్ పర్సంటైళ్లు, అడ్వాన్స్‌డ్ ర్యాంకులు పక్కపక్కనే కనిపిస్తాయి. గుడివాడ, పామర్రు, అవనిగడ్డల నుంచి పిల్లల్ని తెచ్చి ఇక్కడి హాస్టళ్లలో చేర్పించే తల్లిదండ్రుల్లో ఒక నమ్మకం గట్టిగా నాటుకుపోయింది. మెయిన్ చిన్న పరీక్ష, అడ్వాన్స్‌డ్ పెద్ద పరీక్ష, మొదటిది బాగా రాసినవాడికి రెండోది దానంతటదే వస్తుంది అని. తక్కిన అపోహల్లో చాలావాటికి మూలం ఈ ఒక్కటే. నిజానికి ఈ రెండింటినీ నిర్వహించేవారు వేరు, వాటి ప్రయోజనం వేరు, అవి పిల్లవాడిలో కొలిచే గుణం కూడా చాలావరకు వేరు.

ప్రశ్నపత్రాలే ఇందుకు సాక్ష్యం. మెయిన్‌ను 2019 నుంచి నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ నిర్వహిస్తోంది. 2025 నుంచి అందులో 75 ప్రశ్నలు, 3 గంటలు, 300 మార్కులు. అంటే ప్రశ్నకు రెండున్నర నిమిషాలు కూడా దక్కవు. తెలిసిన పద్ధతిని తడబడకుండా వాడగలగడమే అక్కడ బలం. జనవరిలో తప్పితే ఏప్రిల్‌లో మళ్లీ రాయొచ్చు, రెండింటిలో మెరుగైనదే లెక్కలోకి తీసుకుంటారు. అడ్వాన్స్‌డ్‌ను ఏటా ఒక ఐఐటీ నిర్వహిస్తుంది. 2024లో మద్రాసు, 2025లో కాన్పూర్ ఆ పని చూశాయి. ఒకే రోజు రెండు పేపర్లు, ఒక్కొక్కటి 3 గంటలు, రెండూ రాయాల్సిందే. కొన్ని ప్రశ్నలకు ఒకటికి మించి సరైన జవాబులుంటాయి. అన్నీ పట్టుకుంటే పూర్తి మార్కులు, కొన్నే పట్టుకుంటే పాక్షికంగా మార్కులు, ఒక తప్పు జవాబు గుర్తించినా మార్కుల కోత. ఏటా ప్రశ్నల తీరు, మార్కుల పథకం కూడా మారవచ్చు. మెయిన్‌లో లేని ఇంకో షరతు ఇక్కడుంది: ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్‌లో విడివిడిగానూ కనీస మార్కులు రావాలి. మ్యాథ్స్ బలంతో కెమిస్ట్రీని వదిలేసి నెట్టుకురావడం మెయిన్‌లో సాధ్యమే, ఇక్కడ కుదరదు. సిలబస్ కూడా ఒకటి కాదు. ఘనస్థితి, ఉపరితల రసాయనం వంటి అధ్యాయాలను 2024లో మెయిన్ నుంచి తొలగించారు, అడ్వాన్స్‌డ్‌లో మాత్రం అవి ఉన్నాయి.

మార్కుల విషయంలో అపోహ మరీ నష్టం చేస్తోంది. 95 పర్సంటైల్ అంటే నూటికి 95 మార్కులని మురిసిపోయేవారు ఇంకా ఉన్నారు. పర్సంటైల్ చెప్పేది మార్కుల్ని కాదు, ఎంత శాతం మంది వెనక ఉన్నారన్నది. 2025లో మెయిన్ రాసినవారు సుమారు 14.75 లక్షల మంది. 95 పర్సంటైల్ వచ్చిన పిల్లవాడి ముందు డెబ్బై వేలకు పైగా ఉన్నారన్నమాట. 99 వచ్చినా ముందున్నవారు పద్నాలుగు వేల పైమాటే. అడ్వాన్స్‌డ్‌లో భ్రమ దీనికి తలకిందులుగా ఉంటుంది, అక్కడ తొంభై శాతం తెచ్చుకోకపోతే లాభం లేదనుకుంటారు. 2025లో 360కి 332 మార్కులు తెచ్చుకున్న విద్యార్థి దేశంలో మొదటి ర్యాంకు సాధించాడు. అదే ఏడాది కామన్ ర్యాంకు జాబితాలో చేరడానికి కావలసింది 74 మార్కులే, 2024లో అది 109. వారం వారం పెట్టే టెస్టులో ప్రశ్నలన్నీ ముగించకపోతే వెనకబడ్డాడని ముద్ర వేసే చోట, ఏ ప్రశ్న వదిలేయాలో తెలుసుకోవడమూ నేర్పేనని పిల్లవాడికి చెప్పేదెవరు?

మెయిన్‌లో పై ర్యాంకులు తెచ్చుకున్నవాళ్లే అడ్వాన్స్‌డ్‌లోనూ పైన కనిపిస్తారు కదా అని ఎవరైనా అడగవచ్చు. కొట్టిపారేయదగ్గ మాట కాదిది. రెండు పరీక్షలకూ కావలసిన బలాలు ఉన్నవాళ్లు రెండు చోట్లా నెగ్గుతారు. కానీ ఆ కొద్దిమందిని చూసి లక్షల మందికి సూత్రం కట్టలేం. మెయిన్ నుంచి సుమారు రెండున్నర లక్షల మందికి అడ్వాన్స్‌డ్ అర్హత దక్కుతుంది. 2025లో రెండు పేపర్లూ రాసినవారు 1.80 లక్షల మంది, అర్హత సాధించినవారు 54,378, ఐఐటీల్లో సీట్లు 18,160. మెయిన్ వడపోత దాటి వచ్చినవారిలోనే మూడింట రెండు వంతుల మంది ఇక్కడ ఆగిపోయారు. అర్హత వచ్చినవారిలోనూ ఎక్కువమందికి ఐఐటీ సీటు రాదు. ఐఐటీ ర్యాంకులో మెయిన్ మార్కులకు వెయిటేజీ ఏమీ లేదు, మెయిన్ ఇచ్చేది ప్రవేశార్హత మాత్రమే.

అంతమాత్రాన అడ్వాన్స్‌డ్ పోతే మెయిన్ వృథా అనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. ఎన్ఐటీల్లో ప్రవేశం మెయిన్ ర్యాంకుతోనే. తాడేపల్లిగూడెంలోని ఎన్ఐటీలో సగం సీట్లు మన ఆంధ్రప్రదేశ్ వారివి. అయితే ఆ సీట్లకు కావలసిన స్థానికత పుట్టిన ఊరిని బట్టి కాదు, ఇంటర్ ఏ రాష్ట్రంలో పాసయ్యారన్నదాన్ని బట్టి వస్తుంది. మచిలీపట్నం పిల్లవాడైనా ఇంటర్ హైదరాబాద్‌లో చదివితే తెలంగాణ లెక్కలోకే వస్తాడు. కాలేజీ ఎంచుకునేటప్పుడే ఈ సంగతి గుర్తుండాలి. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో బీఆర్క్, బీప్లానింగ్ కావాలంటే మెయిన్‌లోని రెండో పేపర్ రాయాలి, దానికి అడ్వాన్స్‌డ్‌తో పనే లేదు.

ఇవన్నీ ఒక ఎత్తయితే, తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లల సంగతి ఒక ఎత్తు. 2021 నుంచి మెయిన్‌ను తెలుగులో రాయొచ్చు. అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. మెయిన్‌ను తెలుగులో చక్కగా రాసిన దివిసీమ పిల్లవాడు కొన్ని వారాల తేడాలో, పేరాలకు పేరాలుగా ఇంగ్లిష్‌లో ఇచ్చిన ప్రశ్నను చదివి విడమరచుకోవాల్సి వస్తుంది. పైగా అడ్వాన్స్‌డ్‌కు వరుసగా రెండేళ్లలో రెండే అవకాశాలు, మెయిన్‌లా మూడేళ్లు లేవు. అందుకే అలాంటి పిల్లలకు ఇంటర్ మొదటి ఏడాది నుంచే వారానికి ఒకటి రెండు పాత అడ్వాన్స్‌డ్ ప్రశ్నలు ఇంగ్లిష్‌లో చదివించి, జవాబు కన్నా ముందు ప్రశ్న ఏమడుగుతోందో వాళ్ల మాటల్లో చెప్పించాలి. పాత పేపర్లు అధికారిక వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతున్నాయి.