మీకు తెలుసా? బక్క తల్లి పాలకూ అంతే బలం

"ఎండుపుల్లలెక్క ఉంది, దీనికి పాలేడ పడ్తయి?" గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల్లో బాలింతను చూడవచ్చినవాళ్లు ఈ మాట ఆమె మొహం మీదే అనేస్తారు. చెడ్డ మనసుతో కాదు, పిల్ల మీద బెంగతోనే. సాయంత్రానికల్లా ఇంట్లోకి డబ్బాపాలు వచ్చేస్తాయి. తల్లి సన్నగా ఉంటే పాలలో సత్తువ ఉండదన్న ఆ లెక్క తప్పని హైదరాబాద్ పరిశోధకులు తేల్చి యాభై ఏళ్లు కావస్తోంది.

డాక్టర్ వినోదిని రెడ్డి పిల్లల వైద్యురాలు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో పరిశోధకురాలిగా పనిచేసి, తర్వాత ఆ సంస్థకే డైరెక్టర్ అయ్యారు. తిండికి లోటులేని తల్లుల పాలు, తిండి చాలని తల్లుల పాలు సేకరించి, రోగక్రిములతో పోరాడే పదార్థాలు ఏ పాలలో ఎంతున్నాయో ఆమె బృందం కొలిచింది. క్రిమిని పట్టుకునే ఇమ్యునోగ్లోబులిన్లు, క్రిమికి ఇనుము దక్కకుండా చేసే లాక్టోఫెర్రిన్, క్రిమి గోడను కరిగించే లైసోజైమ్, వీటి లెక్క అది. 1977లో ఒక స్వీడన్ పిల్లల వైద్య పత్రికలో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. తల్లికి పోషణ చాలనంత మాత్రాన పాలలోని ఈ రక్షణ తగ్గలేదు. తన ఒంటికి లేకున్నా, పిల్లకు కట్టే కాపలాలో మాత్రం తల్లి శరీరం కోత పెట్టలేదు.

అంతకుముందే, ఆ సంస్థ ఇంకా కూనూరులో ఉన్న రోజుల్లో, డాక్టర్ సి. గోపాలన్ పేద తల్లుల పాలమీద పని మొదలుపెట్టారు. ప్రొటీన్ వరకు చూస్తే పేద తల్లి పాలకు పెద్దగా లోటు లేదు. విటమిన్ల సంగతి వేరు. ఏ విటమిన్, కొన్ని బి విటమిన్లు తల్లి పళ్లెంలో ఏముంటే దాన్ని బట్టి పాలలోకి వస్తాయి.

అందుకే ఈ పరిశోధనను "తల్లి ఎట్లున్నా పర్వాలేదు" అని చదువుకోవద్దు. పిల్లకిచ్చిన ప్రతి చుక్కా ఆమె తన ఒంట్లోంచి తీసి ఇచ్చిందే. 2022 డిసెంబర్ 21న తెలంగాణలో గర్భిణులకు న్యూట్రిషన్ కిట్లు మొదలుపెట్టినప్పుడు రక్తహీనత ఎక్కువున్న 9 జిల్లాలను ముందు ఎంచుకున్నారు. వాటిలో జోగులాంబ గద్వాల, నాగర్‌కర్నూలు రెండూ ఉన్నాయి. ఖర్జూరం, నెయ్యి, ఐరన్ సిరప్ అందులో ఇచ్చారు. అంతకుముందు 2015 జనవరి నుంచే ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణికి, బాలింతకు అంగన్‌వాడీలో ఒక పూట నిండు భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. కానీ పథ్యం పేరుతో ఇంట్లో ఎల్లిగడ్డ కారం, నాలుగు మెతుకులే పెడుతూ, పప్పు వద్దు, ఆకుకూర వద్దు, నీళ్లు ఎక్కువ తాగొద్దు అంటే, అంగన్‌వాడీ గుడ్డు ఆమె నోటిదాకా చేరేదెట్లా? పాలిచ్చే తల్లికి మామూలుకంటే ఎక్కువ తిండి, ఎక్కువ నీళ్లు కావాలి.

బర్రె ఈనితే జున్నుపాల కోసం గిన్నె పట్టుకొని వాకిట్లో నిలబడతాం. ఇంటి కోడలికి వచ్చే ముర్రుపాలను మాత్రం "పచ్చగున్నయి, చెడుపాలు" అని పిండి పారబోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ పచ్చదనం కెరోటిన్‌ది. మన కళ్లను కాపాడే ఏ విటమిన్ తయారయ్యేది దానితోనే. వినోదిని రెడ్డి బృందం కొలతల్లోనూ రక్షక పదార్థాలు దండిగా కనిపించింది ముర్రుపాలలోనే. తొలిరోజు పసిబిడ్డకు ఒక్కో దఫాకు చెంచాడు చాలు. అది చూసి పాలు పడలేదనుకొని తేనె నాకించడం, చక్కెర నీళ్లు పట్టడం, వసకొమ్ము అరగదీసి పెట్టడం, ఇవన్నీ ఆ చెంచాడు పాల చోటును తినేస్తాయి. తేనె అయితే ఏడాది నిండేదాకా అసలు ముట్టించకూడదు. అరుదుగానైనా, అందులో ఉండే ఒక క్రిమి పసిపిల్లల నరాలను పడగొడుతుంది.

తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. అయినా పుట్టిన గంటలోపు తల్లిపాలు తాగిన పిల్లలు నూటికి 37 మందే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన లెక్క ఇది. దేశం మొత్తం మీద చూస్తే దాదాపు 42. నాకు ఈ అంకె మింగుడుపడదు. ఒకప్పుడు మంత్రసాని మీద వేసిన తప్పు ఇప్పుడు ఎవరి మీద వేద్దాం? కాన్పుల్లో నూటికి 60కి పైగా సిజేరియన్లు కావడం ఒక కారణం. వెన్నుకు మత్తిచ్చి ఆపరేషన్ చేసిన తల్లి మెలకువగానే ఉంటుంది. నర్సు పక్కన నిలబడి బిడ్డను పట్టుకుంటే గంటలోపే పాలివ్వగలదు. వనపర్తి, నాగర్‌కర్నూలులో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. అక్కడ చదువుకునే పిల్లలు ముందు నేర్చుకోవలసిన పనుల్లో ఇదొకటి.

పాలమూరు ఎండల్లో ఇంకో భయం, పిల్లకు దప్పికేస్తుందేమోనని. తల్లిపాలలో నూటికి 87 పాళ్లకు పైగా నీళ్లే. మన దేశంలోనే వేసవిలో చేసిన ఒక పరిశోధన 1991లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. తల్లిపాలు మాత్రమే తాగే పిల్లలకు విడిగా నీళ్లు అక్కర్లేదని అందులో తేలింది. ఆరు నెలలు నిండేదాకా నీళ్లూ వద్దు, గ్రైప్ వాటరూ వద్దు. నీళ్లతోపాటు విరేచనాలు తెచ్చే క్రిములూ లోపలికి పోతాయి. బ్రెజిల్‌లో డాక్టర్ సీజర్ విక్టోరా 1987లో చూపిన లెక్క చూడండి. తల్లిపాలు బొత్తిగా అందని పసిపిల్లలు విరేచనాలతో చనిపోయే ముప్పు, తల్లిపాలే తాగేవాళ్లతో పోలిస్తే 14 రెట్లు.

తల్లిపాలలో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది. తల్లి తాగే నీళ్లలో, తొక్కే మట్టిలో ఏ క్రిములుంటే వాటికి సరిపడే రక్షణే ఆమె పేగుల్లో మొదలై పాలలోకి చేరుతుంది. అలంపురం తల్లి పాలలో అలంపురం క్రిములకు మందు ఉంటుంది, అమ్రాబాద్ తల్లి పాలలో అమ్రాబాద్ క్రిములకు. ఏ కంపెనీ డబ్బాకూ మన ఊరి అడ్రసు తెలియదు. పైగా రెండేళ్లలోపు పిల్లల డబ్బాపాలకు, పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వడం మన దేశంలో నేరం. 1992 నాటి చట్టం, 2003లో దాన్ని ఇంకా బిగించారు.

మరి పాలు నిజంగా తగ్గేది ఎక్కడ? గద్వాల చుట్టుపక్కల సీడు పత్తి చేలకు వెళ్లి చూడండి. సాయంత్రం మొగ్గల్లోని కేసరాలు గిల్లి పెడతారు. మర్నాడు పొద్దున మగమొక్కల పూలు తెంపి, గిల్లిన ప్రతి మొగ్గకూ పుప్పొడి రుద్దాలి. క్రాసింగ్ అంటే ఇదే. ఎండ ముదిరేలోగా ఆ సాలు ముగియాలి, లేకుంటే గింజ కట్టదు. వేళ్లు పసుపుపచ్చగా, నడుం వంగి, ఎక్కువగా ఆడవాళ్లే ఆ పని చేస్తారు. పసిబిడ్డ ఆకలి రెండు మూడు గంటలకోసారి. చేను ఆగదు, బిడ్డ ఆగదు. రొమ్ములు గట్టిపడి, రవిక తడిసి, ఆమె సాలు మధ్యలో ఉంటుంది. గట్టు మీదనో, ఇంట్లో అవ్వ ఒళ్లోనో బిడ్డ ఏడుస్తుంటుంది.

తల్లిపాలు వాగు ఇసుకలో తీసిన చెలిమెలాంటివి. తోడితే ఊరతాయి, తోడకపోతే ఊట తగ్గుతుంది. పాలు నిండి అట్లాగే ఉండిపోతే, ఇక అక్కర్లేదేమోనని ఒళ్లే తయారీ తగ్గించుకుంటుంది. అప్పుడు ఊరివాళ్లు "బక్కది, పాలెండిపోయినయి" అంటారు. ఎండబెట్టింది ఆమె ఒళ్లు కాదు, పని గంటలు. హైదరాబాద్‌కో, ముంబైకో, పుణేకో మేస్త్రీ వెంట వలసపోయిన తల్లులదీ ఇదే గతి. యాభై మందికి మించి ఆడకూలీలున్న కట్టడం పనుల దగ్గర పిల్లలకు ఒక గది, చూసుకునే మనిషి ఉండాలని 1996 చట్టంలోనే రాశారు. ఆ గది మీరు ఏ సైటులోనైనా చూశారా?

పాలు సరిపోతున్నాయో లేదో తెలుసుకోవడానికి తల్లి ఒంటిని చూడక్కర్లేదు. వారం దాటిన బిడ్డ రోజుకు ఆరుసార్లకు పైగా ఒంటికి పోస్తే పాలు చాలుతున్నట్టే. పుట్టిన తొలిరోజుల్లో బిడ్డ కొంచెం బరువు తగ్గడం మామూలే. రెండు వారాలు నిండేసరికి అది తిరిగి వస్తుంది, రాకపోతే డాక్టరుకు చూపించాలి. పనికి పోక తప్పని తల్లి పాలు పిండి, శుభ్రమైన గిన్నెలో మూతపెట్టి చల్లని చోట ఉంచితే, నాలుగు గంటలలోపు అవ్వ ఆ పాలను చెంచాతో పట్టవచ్చు. పాలసీసా మాత్రం వద్దు.

నెల నిండకుండా పుట్టి, తల్లి పాలు అందని పసికందులకు హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో 2017 నుంచి ‘ధాత్రి’ తల్లిపాల బ్యాంకు ఉంది. ఇతర తల్లులు ఇచ్చిన పాలను 62.5 డిగ్రీల వేడిలో అరగంట ఉంచి, చల్లార్చి, పరీక్షించి ఇస్తారు.

క్రాసింగ్ కాలంలో మీ చేనుకు పాలిచ్చే తల్లి ఎవరైనా వస్తే, ఆమె సాలును మీరు నలుగురు పంచుకొని, పొద్దున రెండుసార్లు అరగంట చొప్పున ఆమెను బిడ్డ దగ్గరికి పంపండి. ఆ గంట కూలి కోయకండి.