అండమాన్ నికోబార్ దీవులలో ఎన్నికలు

అశోక్ చౌకులో నివసించు ఓటరునకు మూడు విధములైన ఎన్నికలలో ఓటు కలదు. ఒకటి షోలాపూర్ మహానగరపాలికకు, రెండవది మహారాష్ట్ర విధానసభకు, మూడవది లోక్‌సభకు. నల్లా నీరు రాకున్నచో మనము నగరసేవకుని ఇంటికి పోవుదుము. మరమగ్గముల విద్యుత్తు ధర పెరిగినచో విధానసభ సభ్యుని నిలదీయుదుము. నూలుపై పన్ను సంగతి ఢిల్లీలో తేలవలసినది గనుక లోక్‌సభ సభ్యునకు విన్నవింతుము. ఈ మూడు మెట్లలో నడిమిది లేకున్న ప్రజల మాట ఎట్లు పైకి చేరును? అట్టి ప్రదేశము మన దేశముననే కలదు. అచ్చట మన భాష మాటలాడువారు కూడ వేల సంఖ్యలో ఉన్నారు. కావున ఆ సంగతి మన విద్యార్థులును, వారి తల్లిదండ్రులును తెలిసికొనదగినది.

బంగాళాఖాతమున ఉత్తరము నుండి దక్షిణమునకు ఏడువందల కిలోమీటర్లకు పైగా వ్యాపించిన దీవుల వరుసయే అండమాన్ నికోబార్ కేంద్రపాలిత ప్రాంతము. దీవులు వందలుగా నున్నను, జనులు నివసించునవి ముప్పది పైచిలుకు మాత్రమే. ముఖ్యపట్టణము పోర్ట్ బ్లెయిర్. దీనికి 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురమని పేరు మార్చిరి. 2011 జనాభా లెక్కల ప్రకారము మొత్తము జనులు 3,80,581 మంది. ఇందు బెంగాలీ మాతృభాషగా గలవారు నూటికి సుమారు 28 మంది, హిందీవారు 19, తమిళులు 15, తెలుగువారు 13. అనగా ప్రతి ఎనమండుగురిలో ఒకరు తెలుగువారన్నమాట! ఉత్తరాంధ్ర తీరమునుండి చేపల వేటకును, కూలిపనులకును ఓడలెక్కి పోయినవారి సంతతి వీరిలో పెక్కుమంది.

ఇచ్చట ఒక భేదమును గమనింపుడు. షోలాపురమున మనము అల్పసంఖ్యాకులము. మరాఠీ అధికసంఖ్యాకుల భాష. దీవులలోనో, ఏ భాషవారికిని సగము బలము లేదు. అందరును అల్పసంఖ్యాకులే! కావుననే వీధిలో అందరిని కలుపునది హిందీ అయినది.

మన తాతలు 1952లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలోనే ఓటు వేసిరి. దీవుల వారికి ఆ భాగ్యము పదునైదేండ్లు ఆలస్యముగా లభించినది. 1952 మొదలు మూడు లోక్‌సభలకు దీవుల ప్రతినిధిని రాష్ట్రపతియే నియమించుచుండెను. అట్లు మొదట నియమితుడైనవాడు కార్ నికోబార్ దీవికి చెందిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్. 1965లో పార్లమెంటు ప్రత్యేక శాసనము చేసిన పిమ్మట, 1967లో దీవుల ప్రజలు తొలిసారి తమ సభ్యుని తామే ఎన్నుకొనిరి. ఆ ఎన్నికలో గెలిచిన కె.ఆర్. గణేశ్ తరువాత కేంద్ర ప్రభుత్వమున సహాయమంత్రి అయ్యెను. నియమింపబడినవాడు ఎంత యోగ్యుడైనను, మరల ఓటు అడుగుటకు మన గడపకు రావలసిన పని అతనికి లేదు. ఎన్నుకొనబడినవానికి ఆ పని తప్పదు.

దీవులకు శాసనసభ లేదు, ముఖ్యమంత్రియు లేడు. రాష్ట్రపతి నియమించిన లెఫ్టినెంట్ గవర్నరు పరిపాలన నడుపును. చట్టములు పార్లమెంటు చేయును. లేక రాజ్యాంగము 240వ అధికరణము ప్రకారము రాష్ట్రపతి రెగ్యులేషన్ అను పేర శాసనము చేయును. శాసనసభ లేనందున రాజ్యసభలో దీవులకు స్థానము లేదు. రాష్ట్రపతి ఎన్నికలో మహారాష్ట్ర నుండి వందలకొలది సభ్యులు ఓటు వేయుచుండగా, దీవుల పక్షమున వేయువాడు ఒక్క లోక్‌సభ సభ్యుడే. అన్ని దీవులకును కలిపి ఉన్నది ఆ ఒక్క స్థానమే గనుక, మనకు ముగ్గురితో చెప్పుకొను కష్టములలో పెక్కింటిని వారు ఆ ఒక్కనితోనే చెప్పుకొనవలెను. ఓడలు సరిగా నడువలేదన్నను, ఆసుపత్రిలో వైద్యుడు లేడన్నను ఆ మాట పార్లమెంటులోనే పలుకవలెను.

ఈ స్థానమునకు ఓటర్లు సుమారు మూడు లక్షలు. హైదరాబాదు చెంతనున్న మల్కాజ్‌గిరిలో 2024 నాటికి ముప్పదియైదు లక్షలకు మించిరి. ఓటర్లు కొలదిమంది అయినచోట ఒక్కొక్క ఓటు బరువు పెరుగును. 2019లో కుల్దీప్ రాయ్ శర్మ గెలిచినది 1,407 ఓట్ల తేడాతో మాత్రమే! ఒక చిన్న వాడలోని ఓట్లు అటునిటైనను ఫలితము మారెడిది. బెంగాలీ వారందరు ఒకే పక్షమున నిలిచినను గెలుపునకు చాలరు. తెలుగువారు అసలే చాలరు. అందుచే అభ్యర్థి ప్రతి భాషవారి గుమ్మము తొక్కక తప్పదు. తెలుగువారందరు ఒక్కనికే ఓటు వేయుదురనుకొనుట పొరపాటు. అట్లు వేయవలెననియు లేదు. షోలాపురము నుండి 1980, 1984లలో గంగాధర్ కూచన్, 1989, 1991లలో ధర్మన్న సాదుల్ లోక్‌సభకు ఎన్నికైరి. మన ఓట్లతో మాత్రమే వారు గెలువగలిగెడివారా?

పోలింగు నిర్వహణ అచ్చట సామాన్యమైన పని కాదు. యంత్రములను, సిబ్బందిని ఓడలలోను, పడవలలోను, హెలికాప్టర్లలోను ముందుగా చేర్చవలెను. 2024లో గ్రేట్ నికోబార్ అడవులలో నివసించు షోంపెన్ తెగవారు ఏడుగురు తొలిసారి లోక్‌సభకు ఓటు వేసిరి. బయటివారిని దరిచేరనీయని సెంటినెల్ దీవివాసుల జోలికి మాత్రము ఎవరును పోరు, అదియే ఉచితము.

ఇక క్రింది మెట్టు. 1994లో రాష్ట్రపతి రెగ్యులేషన్ వెలువడినది. 1995లో అండమాన్ భాగమున పంచాయతీ ఎన్నికలు జరిగినవి. నికోబార్ దీవులలో పంచాయతీలు లేవు. గిరిజన మండలులు కలవు. అచ్చటి గ్రామపెద్దను కెప్టెన్ అందురు. ఓడలవారి నుండి వచ్చిన బిరుదము ఊరిపెద్దకు నిలిచిపోవుట వింతగా లేదా?

పోర్ట్ బ్లెయిర్ పురపాలక మండలిలో 24 వార్డులు కలవు. లోక్‌సభ ఎన్నికలో చాలని సంఖ్య వార్డులో చాలవచ్చును. 2022 మార్చి ఎన్నికలలో తెలుగుదేశము పార్టీ రెండు వార్డులు గెలిచినది. పెద్ద పక్షములలో దేనికిని పూర్తి ఆధిక్యము రానందున ఆ రెండు స్థానములకు విలువ వచ్చినది. 2023 మార్చిలో భారతీయ జనతా పార్టీ మద్దతుతో తెలుగుదేశము సభ్యురాలు ఎస్. సెల్వి మండలి అధ్యక్షురాలుగా ఎన్నికయ్యెను.