పన్ను నొప్పా? ముందు ఈ మూడు మాటలు అడగండి!

అక్కలూ, చెల్లెళ్లూ, లవంగం పెట్టుకుని ఎన్నాళ్లు నెట్టుకొస్తారు? ఇక్కడ ఇంగ్లండ్‌లో నేనూ రెండేళ్లు అలాగే గడిపాను, నర్సునై ఉండి కూడా! మొదట చూసిన డెంటిస్టు నోట్లో ఏం చేస్తున్నారో ఒక్క ముక్క చెప్పలేదు. ఆ భయంతో మళ్లీ వెళ్లలేదు. ఈలోగా పన్ను ఇంకా పుచ్చిపోయింది.

రెండో డాక్టరమ్మ అద్దంలో పన్ను చూపించారు, ఖర్చు ముందే చెప్పారు. "నొప్పేస్తే చెయ్యెత్తండి, ఆపేస్తాను" అన్నారు. ఎత్తాను. నిజంగానే ఆపారు! దాంతో సగం భయం పోయింది.

ఏం చేస్తారు? ఎంతవుతుంది? నొప్పేస్తే ఆపుతారా? మొహమాటపడకుండా అడిగేయండి.

అన్నట్టు, గర్భిణులకూ, కాన్పయ్యాక 12 నెలల వరకూ ఎన్‌హెచ్‌ఎస్‌లో పంటి వైద్యం ఉచితం. మెటర్నిటీ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ కోసం మీ మిడ్‌వైఫ్‌ని అడగండి.