రౌటరు కొనేముందు ఇల్లు చూసుకోండి

రౌటరు అట్టపెట్టె మీద ఏసీ 1200 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఇంట్లో ఉన్నది 300 మెగాబిట్ల ప్లాను, కాబట్టి ఇది ధారాళంగా సరిపోతుందనుకుని కొంటాం. తీరా బిగించి స్పీడ్ టెస్టు పెడితే ముల్లు 94 దగ్గర ఆగిపోతుంది. తిట్లు నెట్ ఇచ్చినవాళ్లకు పడతాయి. తప్పు చాలాసార్లు వాళ్లది కాదు.

ముందు ఆ 1200 సంగతి. రౌటర్లో రెండు రేడియోలుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ మీద నడిచేదాని గరిష్ఠ వేగం 300 మెగాబిట్లు, 5 గిగాహెర్ట్జ్ మీద నడిచేదానిది 867. రెండూ కూడితే 1167. దాన్నే గుండుగుత్తగా 1200 చేస్తారు. మన ఫోన్లలో దాదాపు అన్నీ ఒక సమయంలో ఒక రేడియోనే పట్టుకుంటాయి కనుక ఈ కూడిక వల్ల ఏ ఒక్క ఫోనుకూ ఒరిగేదేమీ లేదు. పోనీ ఆ 867 అయినా దక్కుతుందా అంటే అదీ లేదు. ఒక చానెల్ మీద ఒకసారికి ఒక్క పరికరమే మాట్లాడాలి. మాట్లాడేముందు చానెల్ ఖాళీగా ఉందో లేదో వినాలి. పంపినదానికి అందినట్టు జవాబు రావాలి. ఈ తతంగానికి పట్టే సమయం పోగా డౌన్‌లోడుకు మిగిలేది సుమారు సగం, మహా అయితే మూడింట రెండొంతులు.

మరి 94 ఎక్కణ్నుంచి వచ్చింది? రౌటరును వెనక్కి తిప్పండి. నెట్ వైరు గుచ్చే పోర్టు పక్కనో, పెట్టె మీద చిన్న అక్షరాల్లోనో 10/100 అని ఉంటే జవాబు దొరికినట్టే. ఆ పోర్టు సెకనుకు 100 మెగాబిట్లకు మించి లోపలికి రానివ్వదు. అందులోనూ ప్రతి ప్యాకెట్టుకూ తగిలించే చిరునామాల బరువు పోగా 94, 95 మిగులుతుంది. గాలిలో ఎంత వేగమున్నా గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఇలాంటి పోర్టులతో ఏసీ 1200 రౌటర్లు ఇంకా అమ్ముతూనే ఉన్నారు. కొనేవాళ్లకు ఇది చెప్పకపోవడం అన్యాయమనే నా అభిప్రాయం. 100 మెగాబిట్లు దాటిన ప్లానుంటే పోర్టు గిగాబిట్‌దేనా అని ముందే అడగండి.

పోర్టు మంచిదైనా ఒక్కోసారి వైరు మోసం చేస్తుంది. గిగాబిట్ వేగానికి కేబుల్లోని ఎనిమిది తీగలూ కావాలి. వందకైతే నాలుగు చాలు. క్లిప్పులో ఆ నాలుగూ బాగుండి మిగతావాటిలో ఒక తీగ సరిగా కూర్చోకపోతే లైను చాలాసార్లు ఆగదు, చప్పుడు చేయకుండా వందకు దిగిపోతుంది. క్లిప్పు ప్లాస్టిక్ పారదర్శకంగా ఉంటుంది కాబట్టి వెలుతురులో పెట్టి చూస్తే ఎనిమిది రంగులూ చివరిదాకా వచ్చాయో లేదో తెలిసిపోతుంది. కొత్త రౌటరు ఖర్చు కొందరికి ఇక్కడే తప్పుతుంది.

ఇక గోడలు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌ది ఐదారు సెంటీమీటర్లు. ఇటుకలోనూ కాంక్రీటులోనూ రెండోది త్వరగా నీరసిస్తుంది. మన ఇళ్లలో తొమ్మిదంగుళాల గోడలు, ఇనుప చువ్వలతో పోసిన శ్లాబులు. డాలస్‌లో ఉన్న కొడుకు మా ఇంటికంతా ఒక్క రౌటరే అంటాడు, నిజమే కావచ్చు. అక్కడి చాలా ఇళ్లలో గదుల మధ్య ఉండేది చెక్క చట్రానికి కొట్టిన జిప్సం బోర్డు. పెట్టె మీది చదరపు అడుగుల లెక్క మన గోడలకు వర్తించదు.

అలాగని 2.4నే నమ్ముకుంటే మరో చిక్కు. మన దేశంలో ఈ పట్టీని 2005లో లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు. బ్లూటూత్ దీని మీదే, మైక్రోవేవ్ ఓవెన్ దీని మీదే, పక్క ఫ్లాట్లవాళ్ల వైఫైలూ దీని మీదే. ఒకదానితో ఒకటి తగలని చానెళ్లు 1, 6, 11 మూడే. కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లో ఫోను తెరిస్తే వరసగా కనిపించే పేర్లన్నీ ఈ మూడింటినే పంచుకోవాలి. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ. 2018 అక్టోబరులో అక్కడ మొత్తం 605 మెగాహెర్ట్జ్ మేర లైసెన్సు అవసరం లేకుండా చేశారు. అందుకే ఒకే గదిలో ఉన్నప్పుడు 5, గోడల అవతలికి 2.4 అనుకోవడం మంచిది.

యాంటెన్నాలు ఎక్కువుంటే దూరం పోతుందనే నమ్మకం మనలో గట్టిగా ఉంది. కానీ రౌటరు ఎంత బలంగా పంపినా ఫోను తిరిగి జవాబివ్వాలి కదా. వేదిక మీద మైకులో అడిగిన ప్రశ్న మైదానం చివరిదాకా వినిపిస్తుంది, చివర కూర్చున్నవాడి జవాబు మాత్రం వేదికకు చేరదు. ఫోను ట్రాన్స్‌మిటర్ చిన్నది, దాని వైఫై యాంటెన్నాలు సాధారణంగా రెండే. సిగ్నలు గీతలు నిండుగా కనిపిస్తూ పేజీ తెరుచుకోకపోవడం వెనక ఒక కారణం ఇదే.

కాబట్టి దగ్గరకు చేర్చడమే మందు. ఫైబర్ లాగేవాళ్లు లోపలికి వచ్చిన చోటే, అటక మీదో తలుపు వెనకో డబ్బా బిగించి వెళ్లిపోతారు. ఇంకొన్ని మీటర్లు లాగి ఇంటి నడిమధ్యకు తెమ్మని ఆ రోజే అడగాలి. బీరువా, ఫ్రిజ్, నిలువుటద్దం పక్కన పెట్టకూడదు. లోహం సిగ్నలును వెనక్కి తిప్పేస్తుంది. మేడమీదికి కావాలంటే ఖరీదైన రౌటరు కన్నా మెట్ల పక్కగా ఒక ఈథర్‌నెట్ వైరు వేసి, పైన మామూలు రౌటరును యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వైరులో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచేలా, పెట్టడం మేలు. చవక రిపీటరు ఒకే రేడియోతో వినాలి, మళ్లీ చెప్పాలి కనుక వేగం సగానికి పడుతుంది. రెండు మూడు డబ్బాలు కలిసి ఒకే వైఫైగా పనిచేసే మెష్ సెట్లు కూడా వైరుతో కలిపినప్పుడే పూర్తి బలం చూపిస్తాయి.

ఈరోజు కొనేవాళ్లకు నా ఓటు వైఫై 6కే. పెట్టె మీద ఏసీ అని ఉండే వైఫై 5 ప్రమాణం 5 గిగాహెర్ట్జ్‌కే పరిమితం. ఏసీ రౌటర్లలోని 2.4 రేడియో 2009 నాటి ప్రమాణంతోనే నడుస్తుంది. వైఫై 6 రెండింటికీ వర్తిస్తుంది, చిన్నచిన్న సందేశాలను ఒకే విడతలో పలు ఫోన్లకు పంచగలదు. ఇక్కడా ఒక మెలిక ఉంది. వైఫై 6 పెట్టెల మీద ఉండే ఏఎక్స్ 1500 అంటే 300, 1201 కలిపినది. అందులో 2.4 రేడియో పాతదే. ఏఎక్స్ 1800లో 574, 1201. రెండూ కొత్తవే. ఇంకా కొత్తదైన వైఫై 7 అసలు బలం బయటపడాలంటే మీ ఫోన్లలోనూ ఆ రేడియో ఉండాలి.

భద్రత విషయంలో బేరం వద్దు. వైఫైకి తాళం వేసే డబ్ల్యూపీఏ3 పద్ధతి ఉండాలి, కంపెనీ అప్‌డేట్లు ఇస్తూ ఉండాలి. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చని కెమెరాల్లోకి, రౌటర్లలోకి దూరి వాటితోనే పెద్ద వెబ్‌సైట్లను స్తంభింపజేసింది. అడ్మిన్ పాస్‌వర్డు మొదటి రోజే మార్చేయండి.

డబ్బు తీసే ముందు ఒక పరీక్ష. ఇప్పుడున్న డబ్బాకు రెండు మీటర్ల దూరంలో నిలబడి 5 గిగాహెర్ట్జ్ మీద స్పీడు చూడండి, తర్వాత పడకగదిలో చూడండి. దగ్గర పూర్తిగా వచ్చి గదిలో పడిపోతే కావలసింది వైరో రెండో యాక్సెస్ పాయింటో. దగ్గర కూడా రాకపోతే ల్యాప్‌టాప్‌ను వైరుతో కలిపి చూడండి. ల్యాప్‌టాప్ పోర్టూ గిగాబిట్‌దే అయి ఉండాలి. రౌటరు పోర్టూ కేబులూ సరిగానే ఉండి వైరులోనూ రాకపోతే అప్పుడు నెట్ ఇచ్చినవాళ్లకు ఫోను చేయండి.