చెరకు పెరిగిందని మెషీన్‌కి ఎవరు చెప్పాలి?

మైన్‌క్రాఫ్ట్ ఆడని వాళ్ల కోసం ముందుగా ఒక మాట. ఇది బ్లాకులతో కట్టుకునే ఆట. మట్టి, నీళ్లు, రాయి, పంట అన్నీ బ్లాకులే. ఇందులో రెడ్‌స్టోన్ అనే ఎర్ర పొడి ఉంటుంది. దాన్ని నేల మీద చల్లితే కరెంటు తీగలా సిగ్నల్ మోస్తుంది. ఆ పొడితో పంట దానంతట అదే కోసుకుని పెట్టెలో పడేలా చేయొచ్చు. దాన్నే ఆటోమేటిక్ ఫార్మ్ అంటారు. అందరూ మొదట కట్టేది చెరకు ఫార్మే. మూడు చెరకు ముక్కలకు మూడు కాగితాలు వస్తాయి. 24 కాగితాలు ఇస్తే ఆటలోని లైబ్రేరియన్ ఒక పచ్చ ఇస్తాడు. అంటే చెరకు అక్కడ కూడా వాణిజ్య పంటే!

మంజీర పక్కన ఉండే మా డోంగ్లి వైపు వాళ్లకు చెరకు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇదే నది మీద 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాకే కదా బోధన్ వైపు చెరకు, చక్కెర ఫ్యాక్టరీ వచ్చాయి. ఆటలో కూడా రూల్ అదే, పక్కన నీళ్లు లేకపోతే చెరకు నాటడమే కుదరదు.

ముందు చెరకు ఎలా పెరుగుతుందో చూద్దాం. ఇక్కడ చెప్పే లెక్కలన్నీ జావా ఎడిషన్‌వి. ఆట ప్రపంచాన్ని 16×16×16 ముక్కలుగా చూస్తుంది, అంటే ముక్కకు 4096 బ్లాకులు. సెకనుకు 20 సార్లు, ప్రతిసారీ ఆ 4096లోంచి 3 బ్లాకుల్ని లాటరీ తీసినట్టు తీస్తుంది. అంటే ఒక బ్లాకుకి సగటున 68 సెకన్లకు ఒకసారి లాటరీ తగులుతుంది. చెరకు పై బ్లాకుకి ఇలా 16 సార్లు తగిలితే దాని మీద ఇంకో బ్లాక్ వస్తుంది. 68ని 16తో గుణిస్తే దాదాపు 18 నిమిషాలు. మూడు బ్లాకుల ఎత్తు అయ్యాక చెరకు ఆగిపోతుంది.

కోసేటప్పుడు అడుగు బ్లాక్ ముట్టుకోకూడదు. రెండోదాన్ని కొడితే పైన ఉన్న మూడోది కూడా రాలుతుంది, మొదలు మాత్రం మిగిలి మళ్లీ పెరుగుతుంది. మన రైతులు మొదళ్లు ఉంచి పిలకల నుంచి తీసే కార్శి పంట లాంటిదే ఇది.

ఇక కట్టడం. నేలలో 8 బ్లాకుల పొడవున ఒక కాలువ తవ్వి, ఒక చివర ఒక్క బకెట్ నీళ్లు పోయండి. పోసిన చోటు నుంచి నీళ్లు ఇంకో 7 బ్లాకులు పారతాయి, సరిగ్గా సరిపోతుంది. కాలువ చివరి బ్లాకులో నేల బదులు హాపర్ పెట్టి, దాని కింద చెస్ట్ పెట్టండి. హాపర్ అంటే పైన పడ్డవి లాక్కునే గరాటు. గట్ల మీద రెండు వైపులా చెరకు నాటండి, వైపుకి 8. చెరకు వెనక ఒక బ్లాక్, దాని మీద చెరకు వైపు తిరిగిన పిస్టన్, పిస్టన్ మీద అబ్జర్వర్. పిస్టన్ వెనక ఇంకో బ్లాక్ పెట్టి దాని పైన రెడ్‌స్టోన్ చల్లితే చాలు.

2016లో ఆటలోకి వచ్చిన ఈ అబ్జర్వరే అసలు హీరో. దాని ముఖం ముందున్న బ్లాక్ మారితే వెనక నుంచి చిన్న సిగ్నల్ పంపిస్తుంది. అది మూడో బ్లాక్ ఎత్తులో ఉంది కాబట్టి చెరకు అక్కడికి రాగానే చూస్తుంది. సిగ్నల్ పిస్టన్‌కి వెళ్తుంది, పిస్టన్ రెండో బ్లాకుని కొడుతుంది, రాలిన చెరకు కాలువలో పడి హాపర్ దాకా కొట్టుకుపోతుంది. పంటకు తడి ఇచ్చిన నీళ్లే పంటను మోస్తాయి కూడా. కొన్ని ముక్కలు గట్టు మీదే పడిపోతాయి, అవి కూడా కావాలంటే మట్టి కింద హాపర్ బండి తిప్పుతారు.

అబ్జర్వర్ బదులు టైమర్ పెడితే ఏమవుతుంది? రెండు బ్లాకులు పెరగడానికి సగటున 36 నిమిషాలు కదా, 36 నిమిషాలకోసారి కొట్టేద్దాం అనిపిస్తుంది. కానీ అది సగటు మాత్రమే. లాటరీ కాబట్టి ఒక మొక్క ముందే పెరిగి ఆగిపోయి ఖాళీగా నిలబడుతుంది. ఇంకోటి సగంలో ఉండగానే దెబ్బ తింటుంది. ఎన్నిసార్లు లాటరీ తగిలిందన్న లెక్క పై బ్లాకులోనే ఉంటుంది కాబట్టి దాన్ని కోస్తే ఆ లెక్క కూడా పోతుంది. మన క్లాసు భాషలో టైమర్ పోలింగ్, అబ్జర్వర్ ఇంటరప్ట్.

అబ్జర్వర్లు పెట్టినా ఇంకో చిక్కు ఉంది. రెడ్‌స్టోన్ పొడి పక్కపక్కన ఉంటే కలిసిపోతుంది. ఒక మొక్క పెరిగితే ఆ వరుసలోని పిస్టన్లన్నీ కొడతాయి, పక్క మొక్కల సగం పెరుగుదల పోతుంది. ఒక బ్లాక్ వదిలి ఒకటి నాటితే తీగలు విడిపోతాయి, మొక్కకు గంటకు 3 ముక్కలకు కొంచెం పైనే వస్తాయి. కాకపోతే మొక్కలు సగమే పడతాయి. కాలువ పొడవు తక్కువుంటే కలిపి వేయండి, చోటు ఉంటే విడిగా వేయండి.

ఇదంతా ఆట వరకే అనుకోవద్దు. తెలంగాణ పొలాల్లో మనందరం చూసిన ఆటోమేషన్ ఒకటుంది, ఆటో స్టార్టర్. వ్యవసాయానికి కరెంటు కొన్ని గంటలే, అది కూడా చాలాసార్లు రాత్రిపూట వచ్చే రోజుల్లో, చీకట్లో పాములు, షాకుల భయంతో బావి దగ్గరికి పోలేక రైతులు మోటార్లకు ఇది పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటార్ దానంతట అదే ఆన్ అవుతుంది. ఆ రోజులకు అది తెలివైన పనే. కానీ అది చూసేది కరెంటుని, మడిని కాదు. పొలం తడిగా ఉన్నా మోటార్ నడుస్తుంది. ఒక లైన్ మీద మోటార్లన్నీ ఒకేసారి ఆన్ అయితే ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడుతుంది, అచ్చం ఆ కలిసిపోయిన రెడ్‌స్టోన్ వరుస లాగే. 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు మొదలైనప్పుడు ఇది ఇంకా పెద్ద సమస్య అయింది. కరెంటు పోదు కాబట్టి మోటార్ ఆగదు, భూగర్భ జలం పడిపోతుంది. అందుకే ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతుల్ని కోరింది. మెషీన్ చెడిపోలేదు, అది చూస్తున్న విషయానికీ పంట అవసరానికీ సంబంధం లేదంతే.

ఆటలో తప్పు సిగ్నల్ చూస్తే నాలుగు కాగితాలు తగ్గుతాయి. ఊళ్లో అయితే బోరు ఎండిపోతుంది. పైగా ఆటలో రెండు బకెట్లు ఎదురెదురు మూలల్లో పోస్తే ఎప్పటికీ తరగని గుంట తయారవుతుంది. ఆ సౌకర్యం మనకు లేదు.

మన కాలేజీలో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు సాయిల్ మాయిశ్చర్ సెన్సార్‌తో మినీ ప్రాజెక్ట్ చేస్తారు. ఈసారి చేసేవాళ్లు కోడ్ రాసే ముందు ఒక పని చేయండి. సెన్సార్ ఏ లోతులో ఉండాలి, నేల ఎంత ఎండితే మోటార్ వేయాలి అని ఆ పొలం రైతునే అడగండి. నల్లరేగడి తడిని పట్టుకున్నట్టు ఇసుక నేల పట్టుకోదు, ఒకే నంబర్ రెండింటికీ పనికిరాదు. అబ్జర్వర్‌ని ఒక్క బ్లాక్ కింద పెడితే పంట మొత్తం మారిపోయినట్టే, ఇక్కడ కూడా సెన్సార్ ఎక్కడ పెట్టామన్నదే సగం ప్రాజెక్ట్.