వాలై వేటకు వెళ్తున్నారా!

మే నెల వస్తే అమెరికాలోని మిన్నెసోటాలో గాలాలు అటక దిగుతాయి. ఆ రాష్ట్ర చేప 'వాలై' వేట మొదలయ్యేది అప్పుడే మరి! తెలియని సరస్సుకెళ్లేవాళ్లు ముందు చూసుకోవాల్సింది లోతుల పటం. సహజవనరుల శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. మంచు కరిగాక వాగులు కలిసేచోట, గులకరాళ్ల తీరాల్లో ఇవి గుడ్లు పెడతాయి. కొన్నాళ్లు ఆ దరిదాపుల్లోనే తిరుగుతాయి. కంటి వెనక అద్దంలాంటి పొర ఉంటుంది కాబట్టి మసకవెలుతురులోనూ ఎరను చూడగలవు. అందుకే పొద్దువాలాక గాలం వేస్తే మేలు. అన్నట్టు... నిబంధనలు సరస్సుకో తీరు! మిల్ లాక్స్‌లో 2016 మేలో వేట మొదలైనప్పుడు, పట్టిన ప్రతి వాలైనీ తిరిగి నీళ్లలో వదలాల్సిందే. కూర వండుకుందామని వెళ్లినవాళ్లకు నిరాశే! 2013లోనైతే వేట మొదలయ్యేరోజుకు ఉత్తరాది సరస్సులు చాలావరకూ గడ్డకట్టే ఉన్నాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు దక్షిణాన మరో సరస్సునూ చూసిపెట్టుకుంటారు.